మాటా? రాతా?



భివండీలో పద్మనగర్ వైపు వెళితే వీధి పొడుగునా సాంచాల చప్పుడు వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడ మరమగ్గాల మీద జీవనం సాగిస్తున్నారు. వారి పిల్లల్లో ఎవరైనా కంప్యూటర్ చదువు చదివి, సాంచాల యజమానులకు లెక్కల ప్రోగ్రాము రాసి అమ్మదలిస్తే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఫోన్ చేసి మాట్లాడి ఒప్పించాలా? వివరాలు ఈ-మెయిల్‌లో పంపి ఊరుకోవాలా?

ముందు లెక్క చూద్దాం. ప్రోగ్రాము ధర నెలకు 300 రూపాయలనుకుందాం. ఒక్కొక్కరితో గంటన్నర చొప్పున పదిమందితో మాట్లాడితే ఇద్దరు కొన్నారనుకుందాం. 15 గంటలు పోయి, నెలకు 600 రూపాయలు వస్తాయి. రాయడం, అమ్మడం, బాగుచేయడం అన్నీ తానే చూసుకునే మనిషికి ఇది గిట్టదు. అదే 20,000 రూపాయల ప్రోగ్రాము అయితే ఆ 15 గంటలకు 40,000 వస్తాయి. కాబట్టి ఎంతసేపు మాట్లాడాలో ధరే చెబుతుంది.

అలాగని రాత ఒక్కటే చాలదు. ఒక యజమాని సొంత నూలు కొని గుడ్డ అమ్ముతాడు. మరొకరు సేఠ్ ఇచ్చిన నూలును కూలికి నేసి ఇస్తారు. నూలు ఎంత వచ్చింది, ఎన్ని తాకాలు దిగాయి, వేస్టు ఎంత పోయింది అన్న లెక్క ఇద్దరిదీ ఒకటి కాదు. ఇదంతా ఇంగ్లీషులో రాసి పంపమంటే ఎవరు పంపుతారు? తెలుగులో అడిగితే పది నిమిషాల్లో చెబుతారు. టాలీ పుట్టుక కూడా అటువంటిదే. మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే శ్యామ్‌సుందర్ గోయెంకా తన లెక్కలకు తగిన ప్రోగ్రాము దొరకక, కుమారుడు భరత్ చేత రాయించుకున్నారు. 1986లో ఆ సంస్థ మొదలైంది. అక్కడ కొనేవారి కష్టం ఇంట్లోనే వినబడింది.

మాటకూ లోపం ఉంది. సాంచాల మధ్య ఉన్నవారికి ఫోన్ వినబడదు. వినబడినా, ధర ఎంతన్నారో, నేర్పే ఖర్చు ఎవరిదో నెల తిరిగేసరికి తగువవుతుంది. పైగా, ప్రచార ఫోన్లు వద్దని 1909లో నమోదు చేసుకున్నవారికి అటువంటి ఫోన్లు చేయకూడదు.

దారి మన గుడ్డ బజారులోనే ఉంది. దలాలు నోటితో బేరం కుదురుస్తాడు. సరుకు వెంట మాత్రం చలానా కాగితం వెళుతుంది. అలాగే ధర, ప్రోగ్రాము చేసే పని, చేయని పని తెలుగులో, హిందీలో, మరాఠీలో ఒక్కొక్క పేజీ రాసి ముందే ఇవ్వండి. అది చదివి అడిగినవారికి, వారు చెప్పిన వేళకే ఫోన్ చేయండి. ఎక్కువ మాట్లాడించండి, తక్కువ మాట్లాడండి. ఒప్పుకున్నవి ఆ రోజే నాలుగు వాక్యాల్లో ఈ-మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపండి.

కొనే యజమానులకూ ఒక మాట. ధర రాసివ్వనివారికి బయానా ఇవ్వకండి. చలానా లేని తాకాను మీరు తీసుకుంటారా?

సెలవు.