నష్టాన్ని కొలిచే మనిషి

ధాన్యం కొలవడానికి కుంచం ఉన్నది. బంగారం తూచడానికి తక్కెడ ఉన్నది. మరి, కాలి బూడిదైపోయిన సరుకును కొలిచేదెలా? అదే వృత్తిగా గలవారు ఉన్నారు. వారిని బీమా సర్వేయర్లు అంటారు.

గుంటూరులో ఒక మిర్చి గోడౌను అంటుకున్నదనుకుందాం. "220 టిక్కీలు కాలిపోయాయి," అంటాడు వర్తకుడు. సర్వేయరు ముందుగా గోడౌనుకు వెళతాడు. నిప్పు ఎక్కడ పుట్టిందో, కరెంటు తీగ కరిగిందో లేదో చూస్తాడు, ఫోటోలు తీస్తాడు. ఆ తరవాత చిట్టా తెమ్మంటాడు. కొన్నవి 300 టిక్కీలు. కిందటి వారం అమ్మినవి 100. నిప్పంటుకోకుండా మిగిలినవి 80. అయితే కాలినవి ఎన్ని? 120 మాత్రమే! వర్తకుడు అబద్ధమాడాడని కాదు. కంగారులో ఆ అమ్మకం సంగతి మరిచిపోయి ఉండవచ్చు. చిట్టా మరిచిపోదు.

టిక్కీ 5 వేల రూపాయల చొప్పున నష్టం 6 లక్షలు. అంతా వస్తుందా? ఆనాడు గోడౌనులో ఉన్న 200 టిక్కీల విలువ 10 లక్షలు. వర్తకుడు బీమా చేసినది 5 లక్షలకే. సగం విలువకే బీమా చేశాడు గనక, సాధారణంగా నష్టంలో సగమే, అంటే 3 లక్షలే లెక్కకు వస్తుంది.

ఇంత పట్టుదల దేనికంటారా? బీమా సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడదు. ఎంతోమంది తలా కొంచెం కట్టిన ప్రీమియమే అది. సర్వేయరు ఎక్కువ రాస్తే వారందరికీ అన్యాయం. తక్కువ రాస్తే ఒక సంసారం వీధిన పడుతుంది. అతనికి ఫీజు ఇచ్చేది బీమా కంపెనీయే. అయినా అతను కంపెనీ పక్షం వహించరాదు. వర్తకుడి కన్నీళ్ళు చూసి ఒక్క అంకె పెంచనూ రాదు.

1938 నాటి బీమా చట్టాన్ని తరవాత సవరించి, జీవిత బీమా కాక మిగతా బీమాలలో, ఒక పరిమితి దాటిన నష్టాన్ని లైసెన్సు గల సర్వేయరు పరిశీలించాలని నియమం పెట్టారు. ఇంజనీరింగో, చార్టర్డు అకౌంటెన్సీయో, అటువంటి మరొక చదువో చదివి, అనుభవం గల సర్వేయరు వద్ద పని నేర్చుకుని, పరీక్ష ప్యాసయినవారికి ఆ లైసెన్సు ఇస్తారు. దాన్ని ఇచ్చే బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది.

పిల్లలూ, తీసివేతలు, భిన్నాలు ఎందుకని విసుక్కుంటారు గదూ? చూశారా, ఒక్కొక్కప్పుడు ఒక మనిషికి న్యాయం జరిగేది వాటివల్లనే!