ఆకుకూర – నూనెచుక్క

మధ్యాహ్నము బడి విడిచి ఇంటికి వచ్చు బాలునకు వాకిటిలోనే వంటయింటి సువాసన ఎదురగును. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడును. జీలకఱ్ఱ, ఎండుమిరపకాయ, కఱివేపాకు వానికి తోడగును. ఆ తాలింపు పప్పుపై పడినంతనే చుయ్యిమను చప్పుడు వినవచ్చును. “తాలింపు ఎందులకమ్మా?” అని అడిగినచో, “రుచి కొఱకు నాయనా!” అని తల్లి బదులు చెప్పును. ఆమె మాట నిజమే. కాని ఆ రెండు చెంచాల నూనెయందు రుచికి మించిన ప్రయోజన మొకటి కలదు. ఆకుకూరలోని ఒక ముఖ్యపోషకము మన దేహమున చేరుటకు ఆ నూనెయే వాహనము. ఈ విషయమును నేను పుస్తకములలో చదివియే యుంటిని. కాని దాని విలువను నాకు తెలిపినవాడు నా శిష్యు డొకడు.

1985 ప్రాంతమున నేను అనంతపురము జిల్లాలోని ఒక పల్లెబడిలో క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. పరీక్షలు సమీపింపగా పిల్లలను సాయంకాలములందును బడికి రప్పించి చదివించుచుంటిని. వారిలో ఒక బాలుడు పగలెల్ల చుఱుకుగా చదివెడివాడు; ప్రొద్దు గ్రుంకగానే తల వంచుకొని ఊరక కూర్చుండెడివాడు. లాంతరు వెలుగున నల్లబల్లపై వ్రాసినది చదువుమనగా మిన్నకుండెడివాడు. అది సోమరితనమని తలచి ఒకనాడు వానిని గట్టిగా మందలించితిని. వాడు కన్నీరు తుడుచుకొనుచు వెలుపలికి పోబోయి, ద్వారబంధమునకు కొట్టుకొని పడెను. నుదుట నెత్తురు వచ్చెను. అప్పుడు తోడిపిల్లలు, “అయ్యవారూ! సందెవేళ వానికి కన్ను కనబడదు. వాని చెల్లెలికిని అంతే” అని చెప్పిరి. సిగ్గుచే నాకు మాట రాలేదు.

మఱునాడు ఆ బాలుని, వాని తల్లిని వెంటబెట్టుకొని ప్రాథమికారోగ్య కేంద్రమునకు పోతిని. అచ్చటి వైద్యురాలు కన్నులు పరీక్షించి, అది రేచీకటి యనియు, ఎ విటమిను కొఱతవలన కలుగుననియు చెప్పి మందు ఇచ్చిరి. పిమ్మట తల్లిని, “పిల్లలకు ఏమి పెట్టుచున్నావమ్మా?” అని అడిగిరి. “సంగటి, కారము, నీళ్లమజ్జిగ” అని ఆమె చెప్పెను. “చేనిలో ఏమి పంట?” “చెనిక్కాయలమ్మా.” “గట్టుమీద ఏమి మొలచును?” “తోటకూర మొలచును. కోసి ఎనుముకు వేయుదుము.” వైద్యురాలు కొంతసేపు మాటాడలేదు. నూనెగింజలు పండించు ఇంట నూనెచుక్క లేదు. గట్టున నున్న ఆకు పశువు పాలైనది. ఆ యింటిలో కొఱవడినది వస్తువు కాదు, దానిని గూర్చిన ఎఱుక మాత్రమే. మందువలన కొలది దినములలోనే పిల్లల సందెచూపు మరలి వచ్చెను. అది మరల పోకుండుటకు వైద్యురాలు చెప్పిన ఉపాయము సులభమైనది: దినదినము పిడికెడు ఆకు, దానిపై చెంచాడు నూనె.

ఈ రెంటికిని గల సంబంధ మేమి? తోటకూర, పాలకూర, మెంతికూర, మునగాకు మొదలగు ఆకులయందును, గుమ్మడి, క్యారెట్టు, బొప్పాయి, మామిడిపండు మున్నగువానియందును కెరోటిను అను పసుపువన్నె పదార్థము కలదు. ఆకులలోని పచ్చదనము దానిని కప్పివేయుటచే అది మనకు కనబడదు. కెరోటిను మన ప్రేగులలో ఎ విటమినుగా మాఱును. మసకవెలుగున చూచుటకు కంటిలో ఉపయోగపడు పదార్థము ఈ విటమినుతోనే తయారగును. ఇది కొఱవడినచో మొదట రేచీకటి కలుగును. పిదప కన్ను పొడిబాఱును. తుదకు నల్లగ్రుడ్డు మెత్తబడి చూపే పోవచ్చును. అంతియ కాదు, రోగములను ఎదిరించు శక్తియు తగ్గును. అట్టి బిడ్డలకు తట్టు, విరేచనములు ప్రాణాపాయములగును.

కెరోటిను నీటిలో కరగదు, క్రొవ్వులో కరగును. మీ రింటియందే దీనిని పరీక్షింపవచ్చును. క్యారెట్టు తురుమును కొంచెము నూనెలో వేయింపుడు. నూనె పసుపువన్నె దాల్చును. అదే తురుమును నీటిలో ఉడికించినచో నీటికి అంత రంగు పట్టదు. మన కడుపులో జరుగునదియు ఇట్టిదే. కాలేయమునుండి వచ్చు పైత్యరసము మనము తిన్న నూనెను అతిసూక్ష్మబిందువులుగా విడదీయును. కెరోటిను ఆ బిందువులలో కలిసి ప్రేగుగోడను దాటి దేహమున ప్రవేశించును. నూనె బొత్తిగా లేనిచో తిన్న ఆకులోని కెరోటినులో అధికభాగము వ్యర్థమగును. డి, ఇ, కె అను విటమినులును ఇట్లే క్రొవ్వును ఆశ్రయించి యుండునవి.

ఈ రహస్యమును శాస్త్రజ్ఞులు ఒక్కనాడు కనుగొనలేదు. 1913లో అమెరికాలో మెకాలమ్, డేవిస్ అను ఇరువురు పరిశోధకులు ఎలుకలకు వేర్వేఱు క్రొవ్వులు పెట్టి చూచిరి. పందిక్రొవ్వు, ఆలివునూనె తిన్న ఎలుకల పెరుగుదల ఆగిపోయెను. వెన్నక్రొవ్వు తిన్నవి చక్కగా పెరిగెను. వెన్నయందు క్రొవ్వుతోపాటు వేఱొక ప్రాణాధారవస్తువు కలదని వారు గ్రహించిరి. అదియే ఎ విటమిను. కెరోటిను దేహమున ఎ విటమినుగా మాఱునని 1930లో ఇంగ్లండునందు థామస్ మూర్ నిరూపించెను. అనగా వెన్న కొనలేని పేదవాని కొఱకు ప్రకృతి ఆకులోనే ఆ నిధిని దాచియుంచినదన్నమాట.

మన దేశమున ఆహారపరిశోధన 1918లో నీలగిరులలోని కూనూరునందు రాబర్ట్ మెక్‌కారిసన్ నాయకత్వమున చిన్న ప్రయోగశాలలో ప్రారంభమయ్యెను. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర ప్రసిద్ధి కెక్కెను. బిడ్డలకు నియమితకాలమున ఎ విటమిను ద్రవము నిచ్చు జాతీయకార్యక్రమము 1970లో మొదలయ్యెను. ఒకప్పుడు అనేకుల కన్నులను హరించిన ఆ అంధత్వము నేడు అరుదైనది. అయినను మందు ఆపదలో ఆదుకొనునదే కాని అన్నమునకు బదులు కాజాలదు.

ఆకునకు తెలుగువారితో మఱియొక సంబంధము కలదు. రక్తవృద్ధికి అవసరమైన ఫోలికామ్లమునకు ఆ పేరు ఆకు అను అర్థముగల లాటిను పదమునుండి వచ్చినది. దానిని తొలుత పాలకూర వంటి ఆకునుండియే వేఱుచేసిరి. 1945లో అమెరికాయందు దానిని కృత్రిమముగా తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భవతులకు నేటికిని ఈ ఔషధము నిచ్చుచున్నారు.

ఇక క్రొవ్వుల సంగతి. గ్రాము పిండిపదార్థము మన దేహమునకు 4 కెలోరీల శక్తి నియ్యగా, గ్రాము క్రొవ్వు 9 కెలోరీల నిచ్చును. చిన్నబిడ్డ కడుపు చిన్నది. పలుచని గంజితో అది నిండునే కాని బలము చాలదు. అదే గంజిలో ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని కలిపినచో సుమారు 45 కెలోరీలు అదనముగా చేరును. ఇందుకే మన తల్లులు పప్పన్నములో నెయ్యి వేసి ముద్దలు పెట్టుదురు.

మన నేల యందు సహజమైన క్రొవ్వులకు కొదువ లేదు. రాయలసీమలో వేరుసెనగ, తెలంగాణమున కుసుమలు, పెక్కుచోట్ల నువ్వులు, తీరప్రాంతమున కొబ్బరి పండును. పాడి గల ఇంట వెన్న, నెయ్యి ఉండనే యుండును. గింజలను నూనె తీయకయే వాడుట మఱింత మేలు. గోంగూరపచ్చడిలో నువ్వులు నూఱి కలుపుట, బీరకాయకూరపై వేరుసెనగపొడి చల్లుట, పొట్లకాయకూరలో కొబ్బరికోరు వేయుట మన యిండ్లలో వాడుకయే. వీనివలన క్రొవ్వుతోపాటు మాంసకృత్తులును, పీచును లభించును. అయితే ఒక్కొక్క నూనెలో ఒక్కొక్క గుణ మెక్కువగా నుండును. కావున ఒకే నూనెను నమ్ముకొనక మార్చి మార్చి వాడుట మంచిది. నెయ్యి, కొబ్బరినూనె రుచికరములే యైనను, వానిలో గట్టిక్రొవ్వు అధికము కనుక మితముగా వాడవలెను.

నూనెను జలవాయువుతో కలిపి గడ్డకట్టించి వనస్పతి తయారుచేయు పద్ధతి ఇరువదవ శతాబ్దమున వ్యాపించెను. అది నెయ్యివలె కనబడుటచేతను, చౌకయగుటచేతను జనులు విరివిగా కొనిరి. ఆ మార్పునందు ట్రాన్స్ క్రొవ్వు లను హానికరపదార్థములు పుట్టి గుండెజబ్బులకు కారణమగునని తరువాత తెలిసెను. 2022 నుండి మన దేశమున తినుబండారముల నూనెలు, క్రొవ్వులలో అవి నూటికి 2 పాళ్లకు మించరాదని నియమ మేర్పడినది. బజ్జీలు వేయించిన నూనెను మఱల మఱల కాచుటయు కీడే. పొగలు వచ్చి నల్లబడిన నూనె ఆహారము కాదు.

నూనె మంచిదగునంత మాత్రమున చాలదు. కూరను వండు తీరును తెలియవలెను. ఆకును కోసిన పిమ్మట కడుగరాదు. కడిగిన పిమ్మట కోయవలెను. లేనిచో నీటిలో కరగు విటమినులు కడుగునీటితో పోవును. ఉడికించిన నీటిని పాఱబోయక పప్పులోనో పులుసులోనో కలుపవలెను. మూతపెట్టి, తగినంత నీటితో, కొద్దిసేపు మాత్రమే ఉడికింపవలెను. ఆకును ఎండలో ఆరబెట్టినచో కెరోటిను చాలవఱకు నశించును; నీడన ఆరబెట్టవలెను. నూనెలో ముంచి తీసిన వేపుడుకంటె తోటకూరపప్పు, పాలకూర ఇగురు, మెంతికూర కలిపిన వంకాయకూర మేలు. వడ్డించునప్పుడు నిమ్మరసము పిండినచో ఆకులోని ఇనుము దేహమునకు చక్కగా పట్టును.

ఎంత తినవలెను? దినమునకు 2000 కెలోరీలు అవసరమగు మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరలు, 27 గ్రాముల నూనె చాలునని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది. 27 గ్రాము లనగా సుమారు అయిదాఱు చిన్నచెంచాలు. ఈ లెక్కను అయిదుగురున్న కుటుంబమునకు వేసి చూడుడు. కూరలు రెండు కిలోలు కావలెను. నూనె 135 గ్రాములకు మించనక్కఱలేదు. మన యిండ్లలో పెక్కుచోట్ల ఇది తలక్రిందుగా నున్నది. అన్నము కుప్ప, కూర పిడికెడు, నూనె ధార! కొందఱి ఇంట నూనె బొత్తిగా లేక కీడు, కొందఱి ఇంట మిక్కిలియై కీడు.

మఱియొక మాట. కుటుంబమున కింత యని వండినంతనే కుటుంబ మంతయు తిన్నట్లు కాదు. అందఱకు వడ్డించి తుదకు తల్లి భుజించును. అప్పటికి గిన్నెలో కూర అడుగంటియుండును. ఆమె ఊరగాయతోనో మజ్జిగతోనో సరిపెట్టుకొనును. రక్తహీనత స్త్రీలలో అధికముగా నుండుటకు ఇదియు నొక కారణము. ఆడపిల్లకు, తల్లికి వారి పాలు ముందుగా తీసి యుంచుట గృహధర్మమని తెలియుడు.

రెండేండ్ల తరువాత నేను ఆ బాలుని ఇంటికి పోయితిని. పెరటిలో, అంట్లు తోమిన నీరు పాఱు చోట, మునగచెట్టు పెరిగియుండెను. దాని ప్రక్క చిన్నమడిలో తోటకూర పచ్చగా నుండెను. విత్తిన మూడు నాలుగు వారములకే అది కోతకు వచ్చుననియు, ఆ మడిని తడుపు బాధ్యత తనదే యనియు వాడు గర్వముతో చెప్పెను. పంటలో ఒక బస్తా కాయలను అమ్మక ఇంటికే ఉంచుకొనుచున్నారట! సందె చీకట్లు ముసరుచుండగా వాని చెల్లెలు పరుగెత్తి వచ్చి, గడప దాటి, తడబడక నాకు మంచినీళ్లు తెచ్చి యిచ్చెను. నా కంతకంటె నిదర్శన మక్కఱలేకపోయెను.

బాలబాలికలారా! ఆ యింట ధనము పెరుగలేదు. ఉన్నదానిని వాడుకొను తెలివి పెరిగినది. నేడు మీ యింట వడ్డన జరుగునప్పుడు గిన్నెలో ఆకు ఎంత యున్నదో, దానికి నూనె ఎంత తోడైనదో గమనింపుడు. చివర కూర్చుండు తల్లి కంచములోనికిని తప్పక చూడుడు. అందు కూర లేకున్నచో, మీ పాలు కొంత తీసి ఆమెకు వడ్డింపుడు.