ఒకే కట్ట మీద నడిచేవారు, సైకిలు తొక్కేవారు: ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరాలంటే



షుగరు ఉన్నవారిని, బి.పి. ఉన్నవారిని రోజూ నడవమని ఓ.పి.లో చెప్పేది మేమే. వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది. మీరు మా మాట విని నడుస్తున్నారు. సంతోషమే. అయితే మన ఊళ్ళలో నడవడానికి పార్కులు లేవు, ఫుట్‌పాత్‌లు లేవు. ఉన్నదల్లా కాలవ కట్ట, పొలాలకు పోయే డొంక, తారు రోడ్డు అంచు. తెల్లారగట్ల ట్యూషన్‌కు పోయే పిల్లల సైకిళ్ళు, పాలు పోసేవారి సైకిళ్ళు, మిర్చి కోతలకు పోయే ఆడవారు, అందరూ ఆ దారినే, ఆ వేళకే వస్తారు. అందుకే ఈ సంచికలో ఈ విషయం రాయాలనిపించింది.

వార్డులో చూసిన ఒక సంగతి

ఒక చలికాలం ఉదయం డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దమ్మను మంచం మీద పడుకోబెట్టి ట్రాక్టరులో తీసుకొచ్చారు. కాలవ కట్ట మీద నడుస్తుండగా వెనకనుంచి సైకిలు తగిలింది. కుడి కాలు పొట్టిగా కనిపిస్తున్నది, పాదం బయటికి తిరిగిపోయింది. ఎక్స్-రే తీయకముందే తుంటి దగ్గర ఎముక విరిగిందని మాకు అర్థమైంది. సైకిలు తొక్కింది పదో తరగతి కుర్రవాడు. భయపడి పారిపోయాడు. ఆమె అరగంట సేపు మంచులో అలాగే పడి ఉన్నది.

రెండు కుటుంబాలూ ఒకే సంఘం వారే. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని వీరు, "దారి మధ్యలో నడిస్తే తగలదా?" అని వారు వరండాలోనే తగువుకు దిగారు. మూడో రోజు ఆ కుర్రవాడు ఒక్కడే వచ్చి వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నన్ను చూసి, "సిస్టరమ్మా, నేను బెల్లు కొట్టాను. ఆమె నేను పోయే పక్కకే జరిగింది" అన్నాడు. పెద్దమ్మను అడిగితే ఆమె కూడా, "అవును తల్లీ, వీపు వెనకాలే గంట మోగేసరికి ఉలిక్కిపడి పక్కకు దూకాను" అన్నది.

ఇద్దరూ నిజమే చెప్పారు. అతను బెల్లు కొట్టాడు, ఆమె తప్పుకున్నది. ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా ఒకరి కాలు విరిగింది, ఇంకొకరు కొన్ని వారాలు బడికి పోలేకపోయారు. కాబట్టి తప్పు ఎవరిది అనే ప్రశ్న కన్నా, ఇది ఎలా జరిగింది అనే ప్రశ్న మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇది ఎందుకు జరుగుతుంది?

మామూలుగా తొక్కే సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే సెకనుకు నాలుగు మీటర్లు. ఎదురుగా మనిషి ఉన్నట్టు కంటికి కనబడి, చేయి బ్రేకు నొక్కడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులోనే సైకిలు నాలుగు మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. ఆ తర్వాతగాని బ్రేకు పని మొదలు కాదు. బ్రేకు రబ్బర్లు అరిగి ఉన్నా, కట్ట మీద మంచుకు మట్టి తడిసి ఉన్నా ఇంకా దూరం పోతుంది. వెనక కారియరు మీద మిర్చి టిక్కీయో, గడ్డి మోపో ఉంటే ఆగడం మరీ కష్టం.

నడిచే పెద్దవారి సంగతి వేరు. వయసు పెరిగేకొద్దీ వినికిడి తగ్గుతుంది, శబ్దం ఏ వైపునుంచి వచ్చిందో వెంటనే తెలియదు. శుక్లాలు ఉన్నవారికి మసక వెలుతురులో సరిగా కనబడదు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు తొందరపడి అడుగు వేస్తే తూలిపోతారు. ఇరవై ఏళ్ళ వ్యక్తి పడితే మోచేయి గీసుకుపోతుంది. ఎముకలు గుల్లబారిన డెబ్బై ఏళ్ళ మనిషి అదే విధంగా పడితే తుంటి విరుగుతుంది. అందుకే తక్కువ వేగంతో తగిలే సైకిలును కూడా తేలికగా తీసుకోరాదు.

దీనికి తోడు మన ప్రాంతానికే ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి. కోతల కాలంలో మిర్చి, వరి, మొక్కజొన్న రోడ్డు అంచునే ఆరబోస్తాము. అంచు పోయేసరికి నడిచేవారు, సైకిళ్ళు, ఆటోలు అందరూ రోడ్డు మధ్యకు వస్తారు. కట్టలకు రెండు పక్కలా చిల్లకంప పెరిగి దారి సగమవుతుంది. సాయంత్రం మిర్చి కోసి వచ్చే ఆడవారు మసకలో, కళ్ళు మండుతూ, గుంపుగా నడిచి వస్తారు. ఇప్పుడు చప్పుడు లేకుండా వచ్చే ఎలక్ట్రిక్ బండ్లు కూడా ఉన్నాయి. వీటిలో 250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం గలవాటికి రిజిస్ట్రేషను అక్కరలేదు. అయినా ఆ వేగంలో అవి సెకనుకు ఏడు మీటర్లు పోతాయని మరువకండి.

నడిచేవారు పాటించవలసినవి

1. ఫుట్‌పాత్ లేని చోట కుడి పక్కన నడవండి. మన దేశంలో వాహనాలు ఎడమ పక్కన పోతాయి కాబట్టి, కుడి పక్కన నడిస్తే మీ వైపు వచ్చేవారు మీకు ఎదురుగా వస్తారు, కంటికి కనబడతారు. ఎడమ పక్కన నడిస్తే వీపు వెనక వస్తారు.

2. కట్ట మీద నలుగురు వరుసగా, కబుర్లు చెప్పుకుంటూ దారంతా ఆక్రమించవద్దు. వెడల్పు ఉంటే ఇద్దరు, లేకపోతే ఒకరి వెనక ఒకరు నడవండి.

3. బెల్లు వినబడగానే దూకవద్దు. ఉన్న పక్కనే ఉండి తిన్నగా నడవండి, లేదా ఆగండి. మీరు కదలకపోతే సైకిలు మీ పక్కనుంచి పోతుంది. దారి దాటవలసి వస్తే వెనక్కి తిరిగి చూసి దాటండి.

4. చీకటిలో తెల్లటి కండువా గాని లేత రంగు బట్ట గాని వేసుకోండి, చేతిలో టార్చి ఉంచుకోండి. క్రిస్మస్ కేరల్స్‌కు, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళే గుంపులకు ముందొక టార్చి, వెనకొక టార్చి తప్పనిసరి.

5. చెవుల్లో ఫోను వైర్లు పెట్టుకొని నడవవద్దు. చేతికర్ర వాడేవారు సిగ్గుపడకుండా వాడండి.

6. వీలైతే బాగా తెల్లవారాక నడవండి. షుగరు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకునేవారు నడిచే వేళ మార్చుకునేముందు డాక్టరు గారిని అడగండి.

సైకిలు తొక్కేవారు పాటించవలసినవి

1. బెల్లు దూరం నుంచే కొట్టండి. ముప్పై అడుగుల దూరంలో ఉండగా ఒకసారి కొట్టి వేగం తగ్గించండి. దగ్గరకు వచ్చాక నోటితో "అవ్వా, మీ ఎడమ పక్కగా వస్తున్నా" అని చెప్పండి. బెల్లు కొట్టడంతో మీ బాధ్యత తీరిపోదు. అవతలివారు విన్నారో లేదో చూడాలి.

2. ముసలివారు, చిన్నపిల్లలు, గర్భిణీలు కనబడితే నడిచేంత నిదానంగా పోండి. దారి మరీ ఇరుకైతే దిగి నడిపించుకొని పోండి.

3. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన పోటీగా తొక్కవద్దు.

4. బ్రేకులు, బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు వారానికొకసారి చూసుకోండి. "బడికొస్తా" పథకం కింద సైకిళ్ళు అందుకున్న ఆడపిల్లలు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. ఆ సైకిళ్ళు కొన్నిటికి బెల్లు ఊడిపోయి, బ్రేకు తీగ తెగి ఉండగా మేము చూశాము. తల్లిదండ్రులు దయచేసి గమనించండి.

5. చున్నీ, చీర కొంగు నడుముకు బిగించి కట్టుకోవాలి. చక్రంలో చుట్టుకుంటే ప్రాణాపాయం. వెనక కూర్చున్న చిన్నపిల్లల కాళ్ళు చక్రం చువ్వల్లో పడకుండా కాళ్ళు పెట్టుకునే కమ్మీ, చక్రానికి అడ్డు జాలీ వేయించండి. మడమ నలిగిన పసిపిల్లలను మేము చూస్తూనే ఉంటాము.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

ఇద్దరూ జాగ్రత్తగా ఉండాలి. అయితే ఎదుటివారికి ఎక్కువ దెబ్బ తగిలించగలవారి మీద ఎక్కువ బాధ్యత ఉంటుంది. 2022 జనవరిలో బ్రిటన్ తన రోడ్డు నియమావళిని ఈ సూత్రం మీదనే సవరించుకున్నది. లారీ కారును, కారు సైకిలును, సైకిలు నడిచేవారిని కాచుకోవాలి. మన దేశంలో కూడా ఫుట్‌పాత్ మీద, సైకిలు దారి మీద మోటారు వాహనం నడపరాదని నియమాలున్నాయి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సోలారు పలకల కప్పుతో ప్రత్యేకంగా వేశారు. మన కాలవ కట్టకు అటువంటిది ఇప్పుడే రాకపోవచ్చు. కంప కొట్టించడం, అంచు చదును చేయించడం మాత్రం పంచాయతీని అడిగి చేయించుకోగల పనులే.

దెబ్బ తగిలితే ఏమి చేయాలి?

తుంటి: పడినవారు లేవలేకపోతే, కాలు పొట్టిగా గాని బయటికి తిరిగి గాని కనబడితే, చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టవద్దు. కాలు లాగవద్దు, నూనె పెట్టి రుద్దవద్దు. కాళ్ళ పక్కన దిండ్లు, మడత దుప్పట్లు పెట్టి కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. ఆపరేషను అవసరం పడవచ్చు కాబట్టి ఏమీ తినిపించవద్దు. నాటు కట్టు కట్టించి వారం తర్వాత తీసుకురావద్దు. తుంటి ఎముకకు ఒకటి రెండు రోజుల్లో ఆపరేషను జరిగితే మనిషి త్వరగా లేచి నడవగలడు. ఆలస్యమై మంచాన పడితే వీపు పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము వస్తాయి. ప్రాణం తీసేవి ఎక్కువగా ఇవే.

తల: స్పృహ తప్పినా, వాంతులైనా, ముక్కునుంచి గాని చెవినుంచి గాని రక్తం వచ్చినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నామనిపించినా వచ్చి చూపించుకోవాలి. పెద్దవారిలో తల లోపల రక్తం నెమ్మదిగా చేరి రెండు మూడు వారాల తర్వాత మత్తు, మతిమరుపు, తలనొప్పి రావచ్చు. "ముసలితనం" అని వదిలేయవద్దు.

గాయం: శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పసుపు, కాఫీ పొడి, పేస్టు పూయవద్దు. ధనుర్వాతం ఇంజక్షను గురించి అడగండి.

చువ్వల్లో ఇరుక్కున్న కాలు: లాగవద్దు. చక్రం వెనక్కి తిప్పి గాని, చువ్వలు కత్తిరించి గాని తీయండి. పైకి చిన్న గాయంగా కనబడినా చర్మం రెండు మూడు రోజుల్లో నల్లబడవచ్చు. తప్పక చూపించండి.

పారిపోవద్దు, కొట్టవద్దు

ఆ కుర్రవాడు ఎందుకు పారిపోయాడని అడిగితే, "కొడతారని" అన్నాడు. అతని భయం వల్ల పెద్దమ్మకు అరగంట పోయింది. అందుకని పెద్దలకు నా మనవి ఏమిటంటే, దెబ్బ తగిలించినవాడు అక్కడే నిలబడితే అతని మీద చేయి చేసుకోవద్దు. పిల్లలూ, మీ వల్ల ఎవరైనా పడితే పక్కనే ఉండి కేక వేయండి, ఫోను చేయించండి. తోడు ఉండటమే మీరు చేయగల మొదటి సహాయం.

దారిన పోయేవారు సహాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని భయపడతారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను ప్రకారం, మోటారు వాహన ప్రమాదంలో గాయపడినవారికి మంచి మనసుతో సహాయం చేసినవారిని కేసుల్లో ఇరికించరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. చట్టం వారిని "గుడ్ సమారిటన్" అని పిలుస్తున్నది. యెరికో దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని యాజకుడు, లేవీయుడు చూసి పక్కగా పోయిన కథ మనందరికీ తెలిసిందే. దేశ చట్టం ఆ సమరయుని పేరు పెట్టుకున్నప్పుడు, ఆ కథ ప్రతి ఏడూ వినే మనం పక్కగా పోవడం తగునా?

ఖర్చు గురించి ఒక మాట. 2025 మే నుంచి మోటారు వాహన ప్రమాదాల్లో గాయపడినవారికి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల పరిమితితో నగదు లేని చికిత్స పథకం ఉన్నది. కేవలం సైకిలు తగిలితే ఇది వర్తించదు. కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు దానిని వెంట తీసుకురండి.

మన సంఘం చేయగల చిన్న పనులు

యవనస్థుల సమాజం వారు ఒక శనివారం గుడి ఆవరణలో ఊరి పిల్లల సైకిళ్ళకు బ్రేకులు, బెల్లులు సరిచేయవచ్చు. స్త్రీల సమాజం వారు నడిచే అక్కచెల్లెళ్ళకు కుడి పక్కన నడిచే అలవాటు నేర్పవచ్చు. పంట ఆరబోసే రైతు సోదరులు ఒక పక్కన మాత్రమే పోసి, ఇంకో పక్క మనిషి నడిచేంత అంచు వదలవచ్చు. రాత్రి పట్టలు కప్పి రాళ్ళు పెట్టేవారు తెల్లవారగానే ఆ రాళ్ళు తీసేయండి.

ఆ పెద్దమ్మకు ఆపరేషను జరిగింది. వాకరుతో నడవడం మొదలుపెట్టిన రోజున ఆ కుర్రవాడి తల్లి ఇంటినుంచి జావ కాచి తెచ్చింది. "నీ కొడుకుని బడికి పంపు, సైకిలు మీదే పంపు" అని పెద్దమ్మ ఆమెతో అన్నది. నడక మానమని మేము మీకు చెప్పము, సైకిలు మానమని పిల్లలకు చెప్పము. రెండూ ఆరోగ్యానికి మేలు చేసేవే. ఒకరినొకరు చూసుకుంటూ పోవాలనే కోరుతున్నాము.

దేవుడు మీ రాకపోకలను కాపాడును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్