డిజిటల్ పుస్తకం, స్క్రీన్ రీడర్: దృష్టిలోపం గల విద్యార్థి స్వయంగా చదువుకోవడం ఎలా?



పరీక్షకు ముందు రాత్రి ఒక పేరాను మరోసారి చదవాలనిపిస్తుంది. ఎదుట పుస్తకం ఉంటుంది, చదివిపెట్టే మనిషి ఉండడు. దృష్టిలోపం గల విద్యార్థులకు ఇది బాగా తెలిసిన ఇబ్బంది. బ్రెయిలీ ప్రతి దొరికితే సమస్య లేదు. కాని ప్రతి పాఠ్యపుస్తకమూ, ప్రతి నోట్సూ బ్రెయిలీలో రావు. ఈ లోటును చాలావరకు తీర్చగలిగేవి డిజిటల్ పుస్తకం, స్క్రీన్ రీడర్. అయితే కంప్యూటర్‌లో ఉన్న ప్రతి పుస్తకాన్నీ స్క్రీన్ రీడర్ చదవలేదు. ఎందుకు చదవలేదో, ఎలాంటి పుస్తకాన్ని చదవగలదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

స్క్రీన్ రీడర్ ఎలా పనిచేస్తుంది?

పేరును బట్టి ఇది తెరను కెమెరాలా చూసి చదువుతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా జరగదు. తెరమీది ప్రతి అక్షరం వెనుక ఒక సంకేత సంఖ్య ఉంటుంది. యూనికోడ్ పద్ధతిలో ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. స్క్రీన్ రీడర్ ఈ అక్షరాలతోపాటు ‘ఇది శీర్షిక’, ‘ఇది పట్టిక’, ‘ఇది బటన్’ అనే సమాచారాన్ని కూడా కంప్యూటర్ నుంచి తీసుకుంటుంది. స్వర సాఫ్ట్‌వేర్ దాన్ని మాటగా మారుస్తుంది. బ్రెయిలీ డిస్‌ప్లే అనే పరికరాన్ని కలిపితే అదే వాక్యం వేళ్ల కింద చుక్కలుగా పైకి లేస్తుంది.

విండోస్ కంప్యూటర్లలో జాస్, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్లను ఎక్కువగా వాడతారు. ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ప్రారంభించారు. ఆయన కూడా అంధులే. ఇది పూర్తిగా ఉచితం. ఇందులోని ఈస్పీక్ స్వరం తెలుగును కూడా చదువుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి.

వినడం వేరు, చదవడం వేరు

రికార్డు చేసిన పాఠాన్ని మీరు మొదటి నుంచి చివరి వరకు వింటారు. చదవడం అంటే అంతే కాదు. వెనక్కి వెళ్లాలి, ఒక పదం దగ్గర ఆగాలి, అక్షరక్రమం చూసుకోవాలి. స్క్రీన్ రీడర్‌తో ఇవన్నీ సాధ్యమే. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్ మీటను నొక్కి ఉంచి కింది బాణం మీట నొక్కితే పాఠం వరసగా చదువుతుంది. కంట్రోల్ మీట నొక్కితే ఆగుతుంది. పక్క బాణాలతో ఒక్కొక్క అక్షరం, కంట్రోల్‌తో కలిపి నొక్కితే ఒక్కొక్క పదం వినవచ్చు. వెబ్ పేజీలో హెచ్ మీట తరువాతి శీర్షికకు, టి మీట తరువాతి పట్టికకు తీసుకుపోతాయి. మొదట వేగం తగ్గించుకుని వినండి. చెవికి అలవాటయ్యే కొద్దీ పెంచుకోండి.

ఏ పుస్తకాన్ని చదవగలదు?

ఇక్కడ మూడు రకాల ఫైళ్లను వేరుగా గుర్తించాలి.

మొదటిది, పేజీలను స్కాన్ చేసిన పీడీఎఫ్. కంటికి అక్షరాలు కనిపిస్తాయి గాని కంప్యూటర్‌కు అది ఒక ఫోటో మాత్రమే. దీన్ని ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మార్చుకోవాలి. మార్చాక సరిచూడక తప్పదు. తెలుగులో ‘ప’, ‘వ’ దగ్గర పోలికలున్న అక్షరాలు. ‘పాదం’ కాస్తా ‘వాదం’ అయిందంటే అర్థమే మారిపోతుంది.

రెండవది, అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన ఫైలు. ఇందులో ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు ఆకారాలను అమర్చారు. చూసేవారికి చక్కని తెలుగు. స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. దీన్ని యూనికోడ్‌లోకి మార్చవలసిందే.

మూడవది, యూనికోడ్‌లో, శీర్షికలు సక్రమంగా గుర్తించి తయారుచేసిన వర్డ్, ఈపబ్ లేదా డైసీ పుస్తకం. మీకు కావలసింది ఇదే. ఈపబ్ చదవడానికి థోరియం రీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

గణితం, పటాల సంగతి

‘ఒకటి బై రెండు ప్లస్ ఎక్స్’ అని వినిపిస్తే మీరేం రాసుకుంటారు? ఎక్స్ విలువ 2 అనుకుందాం. ½కి 2 కలిపితే 2.5 వస్తుంది. 1ని మొత్తం (2+2)తో భాగిస్తే 0.25 వస్తుంది. ఉచ్చారణ ఒకటే, జవాబులో పది రెట్ల తేడా! సమీకరణాన్ని బొమ్మగా అతికించకుండా మ్యాథ్‌ఎంఎల్ పద్ధతిలో రాస్తే, స్క్రీన్ రీడర్ భిన్నం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పగలుగుతుంది. పటాలకు మాటల్లో వివరణ ఉండాలి. ‘విద్యుత్ వలయం పటం’ అంటే చాలదు. ‘బ్యాటరీ, స్విచ్, బల్బు శ్రేణిలో కలిపి ఉన్నాయి’ అని రాయాలి.

ఇది చిన్న విషయం కాదు. ‘సైన్సు మీవల్ల కాదు’ అనే మాటకు ఇలాంటి లోపాలే సాకులవుతాయి. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన శ్రీకాంత్ బొల్లాకు పదవ తరగతి తరువాత సైన్సు గ్రూపు నిరాకరించారు. ఆయన న్యాయస్థానానికి వెళ్లి ఆ గ్రూపులో చేరారు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

2016లో కేంద్ర ప్రభుత్వం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని ప్రారంభించింది. దృష్టిలోపానికి తగిన ధ్రువపత్రంతో ఇందులో సభ్యులు కావచ్చు.

కాపీరైట్ అడ్డు వస్తుందని భయపడకండి. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. వికలాంగుల చదువు కోసం, లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చి ఇవ్వవచ్చు. ఇదే ఆశయంతో 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే.

సహాధ్యాయులకు ఒక మాట

మీ నోట్సును ఫోటో తీసి పంపితే చూపులేని మిత్రునికి దాదాపు ఉపయోగపడదు. యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. ఉపాధ్యాయులు బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయాలి.

సాధన

1. మీ దగ్గరున్న పీడీఎఫ్ నుంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. తెలుగు వస్తే యూనికోడ్. పిచ్చి అక్షరాలు వస్తే పాత ఫాంటు కావచ్చు. అసలు కాపీ కాకపోతే అది బొమ్మ కావచ్చు.

2. మీ పాఠ్యపుస్తకంలోని ఒక పటాన్ని మూడు వాక్యాల్లో వివరించండి. పటం చూడకుండా విన్న మిత్రుడు దాని గురించిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే మీ వివరణ సరిపోయినట్లే.