పెద్దరాయుడు (బొబ్బిలి సంస్థానం)

పెద్దరాయుడు 17వ శతాబ్దికి చెందిన వెలమ యోధుడు, బొబ్బిలి సంస్థానాధీశులకు మూలపురుషుడు. నెల్లూరు ప్రాంతపు వెంకటగిరి రాజవంశంలో ఈయన పదిహేనవ తరమువాడని వంశచరిత్ర చెబుతుంది. కత్తి పట్టి ఉత్తరాంధ్రకు వచ్చిన ఈయన కుటుంబం, ఇక్కడే భూస్వామ్యం సంపాదించి స్థిరపడినది.

నేపథ్యం

1652లో శ్రీకాకుళం సర్కారుకు ఫౌజుదారుగా షేర్ మహమ్మద్ ఖాన్ వచ్చాడు. ఈయనను నిజాము ఉద్యోగిగా పేర్కొన్న పుస్తకాలున్నవి. అది పొరపాటు. ఆనాటికి గోల్కొండను పాలిస్తున్నది అబ్దుల్లా కుతుబ్ షా. ఆసఫ్ జాహీల పాలన మొదలైనది 1724లోనే. ఖాన్ వెంట వచ్చిన యోధులలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు పెద్దరాయుడు, రెండవవారు పూసపాటి మాధవవర్మ. మాధవవర్మకు కుమిలి, గండ్రేడు ప్రాంతాలు లభించాయి. ఆయన సంతతివారే తరువాత విజయనగరం రాజులయ్యారు. ఒకే సేనతో వచ్చి ఇరుగుపొరుగున భూములు పొందిన ఈ రెండు కుటుంబాల నడుమ స్పర్థ మొదటినుండీ ఉన్నది.

సంస్థాన స్థాపన

పెద్దరాయుని పరాక్రమానికి మెచ్చి ఫౌజుదారు భూమినిచ్చాడన్నది అన్ని కథనాలలోనూ ఉన్న విషయమే. అయితే కోట కట్టి పట్టణాన్ని నెలకొల్పినది ఆయన కుమారుడు లింగప్ప అని ఎక్కువమంది వ్రాశారు. దాతపై కృతజ్ఞతతో ఊరికి 'పెద్దపులి' అని పేరు పెట్టగా, అది పెబ్బులి, బెబ్బులి అయి చివరకు బొబ్బిలిగా స్థిరపడినదంటారు. పారశీకంలో 'షేర్' అనగా సింహం. హిందుస్థానీ వాడుకలో పులి అనే అర్థం కూడా ఉన్నది.

తిరుగుబాటుదారులు బంధించిన ఫౌజుదారు కుమారుని లింగప్ప విడిపించాడు. అందుకు ప్రతిఫలంగా పన్నెండు గ్రామాలు, 'రంగారావు' అనే వంశపారంపర్య బిరుదు లభించాయి. గ్రామాలకన్న ఈ బిరుదే ఎక్కువ కాలం నిలిచినది. లింగప్ప దత్తపుత్రుడు వెంగళ రంగారావు మొదలు వారసులందరూ దానిని ధరించారు. క్రమంగా అదే ఇంటిపేరులా మారినది.

తరువాతి తరాలు

వెంగళ రంగారావు కుమారుడు రంగపతి, ఆయన కుమారుడు రాయడప్ప. రాయడప్ప దత్తపుత్రుడు గోపాలకృష్ణ రంగారావు కాలంలో పూసపాటివారితో పాతవైరం పరాకాష్ఠకు చేరినది. 1757 జనవరి 24న విజయనగర ప్రభువు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి కోటను ముట్టడించారు. గోపాలకృష్ణ రంగారావు నేలకొరిగాడు. అంతఃపురంలోని స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కకుండా స్వజనుల చేతనే మరణించారు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన శిబిరంలోనే చంపి పగ తీర్చుకున్నాడు.

వంశం అంతటితో అంతరించవలసినదే. కాని గోపాలకృష్ణుని పసికుమారుడు చినరంగారావు ప్రాణాలతో బయటపడ్డాడు. 1794లో పద్మనాభయుద్ధంలో విజయనగర రాజు మరణించిన పిమ్మట ఈస్టిండియా కంపెనీ ఆయనకు తండ్రి భూములను తిరిగి అప్పగించినది. ఆయన కుమారునితో 1801లో శాశ్వత శిస్తు ఒప్పందం కుదిరినది. ఏడాదికి చెల్లించవలసిన పేష్కషు 90,000 రూపాయలు.

ఈ వంశీయుడైన రామకృష్ణ రంగారావు 1932 నుండి 1937 వరకు, 1936లో కొద్దినెలలు మినహా, మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నాడు. పాత కోట ఉన్నచోట 1891లో నిలిపిన స్మారక స్తంభం ఉన్నది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టంతో జమీందారీ ముగిసినది.