ఎగ్జిబిషన్‌కు లైట్‌హౌస్ మోడల్: మెరుపు కన్నా లెక్క ముఖ్యం



సైన్స్ ఎగ్జిబిషన్ నోటీసు రాగానే చాలా ఇళ్లలో పని పెద్దల చేతికి వెళ్లిపోతుంది. నాన్న థర్మోకోల్ కోస్తారు, అమ్మ రంగులు వేస్తారు. టైమ్ చాలకపోతే స్టేషనరీ షాపులో రెడీమేడ్ మోడల్ కొనేస్తారు. ఎగ్జిబిషన్ రోజు బల్ల మీద మోడల్ మెరిసిపోతుంది. కానీ జడ్జి “ఇది కింద ఎందుకింత వెడల్పుగా ఉంది?” అని అడగ్గానే పిల్లలు మన ముఖం వైపు చూస్తారు. అలా కాకుండా 6 నుంచి 8 తరగతుల పిల్లలు చాలావరకు సొంతంగా చేసి, సొంతంగా వివరించగల ఒక మోడల్‌ను ఈ నెల పరిచయం చేస్తున్నాం.

ఏ లైట్‌హౌస్?

విశాఖలో డాల్ఫిన్ నోస్ మీదున్న లైట్‌హౌస్‌కు కింద కొండ ఉంది. దాన్ని అలలు తాకవు. సముద్రం మధ్యలో, ఆటుపోట్లకు మునిగి తేలే రాతి మీద కట్టాలంటే సమస్య వేరు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ రేవుకు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఎడిస్టోన్ అనే రాతి గుట్టలున్నాయి. 1698లో హెన్రీ విన్‌స్టాన్లీ అక్కడ మొదటి లైట్‌హౌస్‌ను వెలిగించాడు. 1703 నవంబరు తుపానులో అది కొట్టుకుపోయింది. ఆ రాత్రి లోపలే ఉన్న విన్‌స్టాన్లీ కూడా పోయాడు. తర్వాత ఎక్కువగా చెక్కతో కట్టిన లైట్‌హౌస్ 1755లో కాలిపోయింది.

ఆ చోటే జాన్ స్మీటన్ అనే ఇంజనీరు 1756లో పని మొదలుపెట్టి, 1759లో రాతి స్తంభాన్ని పూర్తి చేశాడు. మన మోడల్ దానిదే.

ఆయన ఏం ఆలోచించాడు?

మొదటిది ఆకారం. ఓక్ చెట్టు మొదలు నేల దగ్గర వెడల్పుగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ వంపు తిరిగి సన్నబడుతుంది. స్మీటన్ స్తంభం కూడా అంతే. కింది భాగంలో గదులు లేవు, అంతా గట్టి రాయే. అందువల్ల బరువు కిందనే ఉంటుంది.

రెండోది అతుకు. రాళ్లను జిగ్సా పజిల్ ముక్కల్లా ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా చెక్కించాడు. చెక్క డ్రాయర్ల మూలల్లో కార్పెంటర్లు వేసే డవ్‌టెయిల్ జాయింట్ లాంటిదే ఇది. వరుసకూ వరుసకూ మధ్య పాలరాతి చీలలు పెట్టించాడు. రాళ్లను ముందుగా ఒడ్డునే పేర్చి, సరిపోయాయో లేదో చూశాకే పడవలెక్కించారు.

మూడోది సున్నం. మామూలు సున్నం నీళ్లలో గట్టిపడదు. బంకమట్టి కలిసిన సున్నపురాయి నుంచి వచ్చే సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుందని స్మీటన్ పరీక్షలు చేసి తెలుసుకున్నాడు. తర్వాతి కాలపు సిమెంటుకు దారి వేసిన పరిశోధనల్లో ఇదొకటి.

స్కేల్ 1:50 తీసుకుందాం

అసలు లైట్‌హౌస్‌లో 50 సెంటీమీటర్లు మోడల్‌లో 1 సెంటీమీటరు అన్నమాట. మొత్తం ఎత్తు సుమారు 22 మీటర్లు, అంటే మోడల్‌లో 44 సెంటీమీటర్లు. అడుగున వ్యాసం సుమారు 8 మీటర్లు, అంటే 16 సెంటీమీటర్లు. స్తంభం పైభాగంలో సుమారు 5 మీటర్లు, అంటే 10 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి ఎంత అవుతాడో పిల్లల్నే లెక్క కట్టమనండి. 3.4 సెంటీమీటర్లు వస్తుంది. ఆ ఎత్తులో అట్టబొమ్మ కోసి పక్కన నిలబెడితే చూసేవాళ్లకు స్తంభం ఎంత పెద్దదో వెంటనే తెలుస్తుంది.

ఇంకో మంచి లెక్క ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 50 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 1,25,000 రెట్లు తగ్గుతుంది. కాబట్టి ఒక టన్ను రాయి మోడల్‌లో కేవలం 8 గ్రాములు!

ఎలా చేయాలి?

1. గ్రాఫ్ పేపర్ మీద స్తంభం ఆకారం గీయాలి. అడుగున 16, పైన 10 సెంటీమీటర్లు. కింద త్వరగా, పైన నెమ్మదిగా సన్నబడాలి.

2. 2 సెంటీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ నుంచి 18 గుండ్రటి బిళ్లలు కోయాలి. ఒక్కో బిళ్ల అసలు స్తంభంలో 1 మీటరు. ఏ బిళ్లకు ఎంత వ్యాసమో గ్రాఫ్ చూసి పిల్లలే చెప్పాలి. కట్టర్ మాత్రం మీరు పట్టుకోండి.

3. కింది పది బిళ్లల మధ్యలో చిన్న వాటర్ బాటిల్ పట్టేంత రంధ్రం చేయాలి.

4. మిగిలిన 8 సెంటీమీటర్లు దీపం గది. పారదర్శకమైన చిన్న డబ్బా, ఒక ఎల్ఈడీ, రెండు పెన్సిల్ సెల్స్ చాలు. అసలు దాంట్లో మొదట వెలిగింది 24 కొవ్వొత్తులే.

అతికించే ముందు టబ్‌లో పరీక్ష

టబ్‌లో రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టి, వాటి పైఅంచు దాకా నీళ్లు పోయండి. ఇటుకల మీద బిళ్లలు పేర్చి, ప్లేటుతో నీళ్లను నెట్టి అలలు పుట్టించమనండి. 4 సెంటీమీటర్ల అల అంటే అసలు కొలతలో 2 మీటర్ల అల.

మొదటిసారి బిళ్లలు ఉత్తినే పేర్చండి. జారిపోతాయి. రెండోసారి బిళ్లకూ బిళ్లకూ మధ్య టూత్‌పిక్‌లు గుచ్చండి. స్తంభం విడిపోదు గానీ మొత్తంగా కదులుతుంది. మూడోసారి బాటిల్ నిండా తడి ఇసుక నింపి లోపల పెట్టండి. తేడా పిల్లలు కళ్లారా చూస్తారు. మూడుసార్లూ ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాయించండి. ఎగ్జిబిషన్‌లో ఆ పేజీ మోడల్ పక్కనే ఉండాలి. పరీక్ష అయ్యాక బిళ్లలు ఆరబెట్టి, ఫెవికాల్‌తో అతికించి, రంగులు వేసుకోవచ్చు.

మీరు చేయాల్సింది

మోడల్ పడిపోయినప్పుడు సరిచేయడానికి వెంటనే చేయి చాచకండి. “ఎందుకు పడింది? ఏం మారిస్తే నిలబడుతుంది?” అని అడిగి ఆగండి. కోత వంకర పోయినా, రంగు కారినా ఫరవాలేదు. పక్క బల్ల మీద కొనుక్కొచ్చిన మోడల్ మరింత అందంగా ఉండొచ్చు. అయినా 1:50 అంటే ఏమిటో, ఇసుక కిందనే ఎందుకు ఉందో తడుముకోకుండా చెప్పే పిల్లల దగ్గరే జడ్జి ఎక్కువసేపు ఆగుతారు.

జడ్జి అడగగల చివరి ప్రశ్న: “అంత గట్టిదైతే ఇప్పుడు అక్కడ ఎందుకు లేదు?” స్తంభం చెడిపోలేదు, దాని కింది రాతిని సముద్రం తొలిచేసింది. అందుకే 1882లో జేమ్స్ డగ్లస్ పక్క రాతి మీద కొత్త లైట్‌హౌస్ కట్టాడు. అల వంపు వెంట పైకి పాకకుండా దాని అడుగును నిటారు గోడలతో కట్టాడు. స్మీటన్ స్తంభం పైభాగాన్ని రాయి రాయిగా విప్పి ప్లిమత్ ఒడ్డున తిరిగి నిలబెట్టారు. అది నేటికీ ఉంది. మొదలు మాత్రం ఆ రాతి మీదే మిగిలింది.

వంపు వెంట నీళ్లు పైకి పాకడం మీ టబ్‌లో కూడా కనిపిస్తుందేమో ఈ ఆదివారం పిల్లలతో కలిసి చూడండి.