గుమ్మటపు ఇల్లు మన పల్లెలకు పనికివచ్చునా?

నిజామాబాదు జిల్లాలో వేసవి వచ్చినదనగా రేకుల ఇంటిలో కాపురముండువారి అవస్థను పంచాయతీ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. మే మాసమున ఎండ 45 డిగ్రీల దాపునకు పోవును. బోధను ప్రాంతమున చెరకు ఆకు కప్పిన గుడిసె చల్లగా నుండును గాని, ఒక్క నిప్పురవ్వ పడినచో చూచుచుండగనే బూడిద యగును. ఈ బాధలకు విరుగుడుగా గుమ్మటపు ఇంటిని సూచించువారు కలరు. గ్రామమున ఇంటికి అనుమతి నిచ్చునది పంచాయతీయే. పేదవాడు బ్రతుకులో ఒక్కసారి కట్టుకొను ఇంటి విషయమున మంచిచెడ్డలు తెలియక సలహా చెప్పరాదు. అందుచే ఆ ఇంటి లాభములను, లోపములను కూడ ఇచట వివరింపదలచితిమి.

గుండ్రని ఇల్లు మనకు క్రొత్త కాదు

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందు మట్టిగోడ గుండ్రముగ పెట్టి, తాటాకు కప్పు నేలదాక దించి కట్టిన చుట్టిళ్లు తరతరములుగా తుపాను గాలులకు తట్టుకొనుచు వచ్చినవి. గాలి మూలను బలముగ కొట్టును. మూలలు లేని గోడను చుట్టి సాగిపోవును. 2001 జనవరి 26న కచ్ఛి ప్రాంతమున భూకంపము వచ్చినప్పుడు అచ్చటి గుండ్రని 'భుంగా' ఇండ్లు పెక్కు నిలిచినవి. 1993 సెప్టెంబరు 30న మన పొరుగు మహారాష్ట్రములో లాతూరు ప్రాంతమున భూమి కంపించినప్పుడు బరువైన రాతిగోడలు, మట్టికప్పులు కూలి వేలమంది నిద్రలోనే మరణించిరి. ఇంటి ఆకారము, బరువు ప్రాణములకు సంబంధించిన సంగతులని ఈ రెండు ఉదంతములు తెలుపుచున్నవి.

త్రికోణముల బలము

నాలుగు వెదురుకర్రలను చదరముగ కట్టి ఒక మూలను నొక్కుడు, అది వంకరపోవును. మూడు కర్రలను త్రికోణముగ కట్టి నొక్కుడు. కర్ర విరుగవలెనే గాని ఆకారము మారదు. ఇట్టి త్రికోణములనే జోడించి గుమ్మటముగ నిలిపినచో దానిని జియోడెసిక్ గుమ్మటమందురు. ఒకచోట పడిన బరువు చుట్టునున్న కర్రలన్నింటికి పంచబడును. లోపల స్తంభము గాని, దూలము గాని అక్కరలేదు. అమెరికా దేశస్థుడు బక్‌మిన్‌స్టర్ ఫుల్లరు 1954లో దీనికి పేటెంటు పొందెను. అంతకు పూర్వమే, 1920 ప్రాంతమున, జర్మనీలోని యేనా పట్టణమున నక్షత్రశాల కొరకు ఇట్టి కప్పును నిర్మించిరి.

20 అడుగుల వ్యాసము గల అర్ధగోళమునకు సులభమైన పద్ధతిలో 65 కర్రలు చాలును. అందు 35 కర్రలు ఇంచుమించు 6 అడుగుల 2 అంగుళములవి; 30 కర్రలు 5 అడుగుల 5½ అంగుళములవి. కొలతలు రెండే యగుటచే మన వడ్రంగులు నేర్వగలరు. కాని కోత సరిగా లేనిచో ఆఖరి కర్ర ముడికి అందదు.

లెక్క చూతము

20 అడుగుల గుమ్మటములో నేల 314 చదరపు అడుగులు. ఎండ తగులు పైభాగము 628 చదరపు అడుగులు. అంతే నేల గల చదరపు ఇంటికి 10 అడుగుల గోడలు లేపినచో గోడలు, కప్పు కలిసి 1,020 చదరపు అడుగులకు పైబడును. ఈ లెక్క వినుటకు ఇంపుగ నున్నది గాని, గుమ్మటపు అంచున మనిషి నిలువలేడు. నాలుగడుగుల గుండ్రని గోడపై గుమ్మటమును నిలిపినప్పుడే నేల అంతయు పనికివచ్చును. అప్పుడు బయటి భాగము సుమారు 880 చదరపు అడుగులగును. అనగా నిజమైన ఆదా నూటికి పదునాలుగు పాళ్లు. ఇది చిన్నది కాదు. కాని కొందరు చెప్పునంత పెద్దదియు కాదు.

చల్లదనము ఆకారముచేతనే రాదు. వేడిగాలి పైకి పోవును గనుక శిఖరమున గాలిద్వారమును, క్రింద కిటికీలను పెట్టవలెను. పైన సున్నము వేయవలెను. ఇవి లేని గుమ్మటము మే మాసమున కుమ్మరి ఆవమువలె నుండును.

లోపములు

మొదటిది వాన. త్రికోణములు కలియు ప్రతి అతుకును నీరు కారుటకు తావే. అతుకులపై ఇనుపజాలి పరచి సిమెంటు గార చేసి, ఏటేట బీటలను పూడ్చుచుండవలెను. రెండవది నిప్పు. కెనడాలోని మాంట్రియలులో 1967 ప్రదర్శనకు కట్టిన ఫుల్లరు గుమ్మటమునకు 1976లో నిప్పంటుకొనగా ఉక్కు చట్రము నిలిచినది, పైకప్పు మాత్రము కాలిపోయినది. చట్రమెంత గట్టిదైనను చెరకు ఆకు కప్పినచో ప్రమాదము ప్రమాదమే. మూడవది నేల. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగును. తేలిక ఇంటిని అది సులువుగ ఎత్తివేయగలదు. రేగడిని తీసి మొరము నింపి దిమ్మిస చేయనిదే ఏ ఇల్లైనను బీటలు వారును. ఇవికాక, గుండ్రని గోడకు మంచము, బీరువా ఆనవు. కొడుకు పెండ్లికి మరియొక గది కలుపుట కష్టము.

నాలుగవది పోషణ. అహమ్మదాబాదులో కాలికో మిల్లువారు 1962లో దేశమంతయు మెచ్చిన గుమ్మటమును కట్టిరి. తరువాత మిల్లు మూతపడినది. ఆలనాపాలనా లేక గుమ్మటము కూలినది. ఈ సంగతి బోధనువారికి సులభముగ బోధపడగలదు. 1937లో స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిమ్మట శక్కర్‌నగరు ఇండ్లు ఏమైనవో వారు చూచియేయున్నారు. కట్టుటకు ధనమున్నచో చాలదు, కాపాడుటకు మనుష్యులుండవలెను.

పంచాయతీ చేయదగినది

పేదకుటుంబముతో ఈ ప్రయోగము ఆరంభింపరాదని మా అభిప్రాయము. ముందు పంచాయతీ స్థలమున చిన్న పఠనాలయమునో, చెరకు నరకవచ్చు కూలీలకు విడిదినో ఇట్లు కట్టించి చూడవలెను. ఇంజనీరుచే పటమును పరీక్ష చేయించవలెను. ప్రభుత్వ గృహ పథకము క్రింద కట్టదలచువారు ఈ ఆకారమునకు మంజూరు కలదో లేదో ముందుగా వ్రాతమూలకముగ తెలిసికొనవలెను. తరువాత ఒక వేసవి, ఒక వానాకాలము గడువనిచ్చి, మధ్యాహ్నపు వేడిని ప్రక్కనున్న రేకుల ఇంటితో పోల్చి పుస్తకములో వ్రాయవలెను. ఎన్ని అతుకులు కారినవో లెక్కించి, ఆ లెక్కను గ్రామసభలో చదువవలెను.

ఆ లెక్క బాగున్నచో గుమ్మటపు ఇల్లు మన పల్లెలలో తానే పెరుగును. బాగులేనిచో నష్టము ఒక చిన్న కట్టడముతో తీరును. ఏ పేదవాని అప్పును వ్యర్థము కాదు.